బావి మోటారు లెక్క: జింకు రేకుల నుంచి స్క్రిప్టు దాకా

మన కల్యాణ మండపం బోరు మోటారు కరెంటు గీతను గ్రూపులో పెట్టినప్పుడు చాలామంది “ఇదేమి ఈసీజీనా?” అని అడిగారు. ఒక్క మాటలో చెప్పేది కాదు కాబట్టి మొదటి నుంచి రాస్తున్నాను. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చింది. తప్పులుంటే సర్దుకోండి.

1882లో న్యూయార్కు పెర్ల్ స్ట్రీటులో ఎడిసన్ కరెంటు అమ్మడం మొదలుపెట్టినాడు. అమ్మితే కొలవాలి గదా. ఆయన మీటరులో ముల్లు లేదు, చక్రం లేదు. గాజు జాడీలో జింకు ద్రావణం, అందులో రెండు జింకు రేకులు, అంతే. కరెంటు పోయేకొద్దీ ఒక రేకు కరిగి రెండోదాని మీద పేరుకుంటుంది. నెలకోసారి మనిషి వచ్చి రేకులు తీసుకుపోయి తూచి, బరువులో వచ్చిన తేడాకు బిల్లు వేస్తాడు. గూడ్సు షెడ్డులో నిండు వ్యాగను బరువులో ఖాళీ బరువు తీసేసి చార్జి రాసిన నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది. 1889లో బుడాపెస్టులో గాంజ్ కంపెనీ ఇంజినీరు ఒట్టో బ్లాతీ చేసిన మీటరుతో తిరిగే చక్రం వచ్చింది. మన ఇళ్ల గోడల మీద నిన్నమొన్నటిదాకా తిరిగింది ఆ వంశం చక్రమే.

అయితే రెండింటికీ ఒకటే లోపం. ఎంత అయిందో చెప్తాయి, ఎప్పుడు అయిందో చెప్పవు. మనకు రెండు నెలలకోసారి తెల్ల కార్డు మీద రాసిపోయే అంకె కూడా అంతే.

ఇప్పుడు మన కోయంబత్తూరుకు వస్తాను. మన తాతలు నల్లరేగడి భూముల్లో లోతు బావులు తవ్వి, ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడినవాళ్లు. 1932లో నీలగిరి పైకారాలో జలవిద్యుత్తు మొదలై కొండ దిగి వచ్చింది. మిల్లులు పెరిగినాయి, బావుల మీదికి పంపుసెట్లు వచ్చినాయి. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి చేసిన మోటారును మన దేశంలో తయారైన తొలి మోటారు అని చెప్తారు. పీళమేడు వీధుల్లో మోటారు వైండింగు తెలియని ఇల్లు వెతకాలి అనేవాళ్లు మా పెద్దలు.

1970లో వ్యవసాయ కరెంటు యూనిటు 8 పైసల నుంచి 10 పైసలకు పెంచినారు. నారాయణస్వామి నాయుడు గారి వెనక రైతులు లేచినారు. ఆ జూన్‌లో పెరుమానల్లూరులో కాల్పుల్లో ముగ్గురు రైతులు పోయినారు. చివరికి పెంచినదాంట్లో ఒక పైసా తగ్గింది. 1972లో ఎద్దుబండ్లు కోయంబత్తూరు రోడ్లను నింపేసినాయి. ఒక్క పైసా కోసం అంత పోరాటమా అని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నేను నవ్వను. ఆనాడు ప్రతి పంపుసెట్టుకూ మీటరు ఉంది, తన బావి ఎన్ని యూనిట్లు తిన్నదో రైతుకు నోటికి వచ్చు. లెక్క చేతిలో ఉన్నందుకే ఒక్క పైసా బరువు ఎంతో వాళ్లకు తెలిసింది.

1980ల్లో చిన్న రైతులకు, 1990 నాటికి రైతులందరికీ కరెంటు ఉచితమైంది. అది వాళ్లు గెలుచుకున్నది, దాన్ని తప్పు పట్టను. కానీ బిల్లు పోయినప్పుడు లెక్క కూడా పోయింది. ఇవాళ రాష్ట్రంలో పంపుసెట్లు తినే కరెంటును హార్స్‌పవరు చూసి, కొన్ని శాంపిలు మీటర్లు చూసి అంచనా వేస్తారు. 2003 విద్యుత్ చట్టం మీటరు లేకుండా సరఫరా కూడదంటుంది. మీటరు వస్తే వెనకే బిల్లు వస్తుందని రైతు భయం. ఆ భయం ఊరికే రాలేదు.

ఇక మన మండపం సంగతి. బిల్లు పెరిగిందని, కొత్త మోటారు కొనాలని కమిటీలో ఒక పక్షం, వాచ్‌మన్ వృథా చేస్తున్నాడని ఇంకో పక్షం. పాపం అతని ఉద్యోగం దాకా వచ్చింది మాట. మా చెల్లెలి కొడుకు చిన్న కొలత పెట్టె ఒకటి తెచ్చి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత ప్యానెలులో పెట్టించినాడు. దాని బిళ్ల ఒక్క ఫేజు వైరు చుట్టూ మాత్రమే వేయాలి, రెండు వైర్లు కలిపి వేస్తే ఒకదాన్ని ఒకటి కొట్టేసి సున్నా చూపిస్తుంది. పాత ల్యాప్‌టాపులో పైథాన్ స్క్రిప్టు పది సెకన్లకోసారి ఆ పెట్టెను అడిగి టైము, వోల్టేజి, ఆంపియర్లు, వాట్లు ఒక్కో వరుసగా ఫైలులో రాస్తుంది. మా స్టేషను రిజిస్టరు లాగే, కాకపోతే నిద్రపోని గుమాస్తా. ఇంకో పది లైన్ల స్క్రిప్టు ఆ అంకెలను గీతగా గీస్తుంది.

గీత చూడగానే విషయం బయటపడింది. మోటారు ఆన్ కాగానే ఒక్క ఎగురు, తర్వాత 1500 వాట్ల దగ్గర సమంగా నడక. అరగంట లోపలే గీత సగానికి పడిపోయి అలాగే గంటకు పైగా సాగుతుంది. బోరులో నీళ్లు అయిపోయినాయన్నమాట. ఎత్తడానికి నీళ్లు లేనప్పుడు పంపుకు పని తగ్గుతుంది, వాట్లు తగ్గుతాయి, మోటారు మాత్రం ఒట్టిగా తిరిగి కాలుతుంది. టాంకు నిండలేదని వాచ్‌మన్ స్విచ్చి ఆపకుండా కూర్చుంటున్నాడు. తప్పు అతనిదీ కాదు, మోటారుదీ కాదు. కొత్త మోటారు కొని ఉంటే అదీ ఇలాగే కాలేది.

కాబట్టి కమిటీకి నా మాట: నీళ్లు లేకుంటే తనంతట ఆగే డ్రై రన్ ప్రివెంటరు పెట్టించండి, అరగంట నడిపి రెండు గంటలు ఊట వచ్చేదాకా వదలండి. వాచ్‌మన్‌కు కమిటీ తరఫున ఒక మంచి మాట చెప్పండి.

మా బావ ఒకాయన, సూలూరు పక్క రైతు, ఫోను చేసి “బావా, ఆ స్క్రిప్టు బావుల దగ్గరికి తేవొద్దు, దాని వెనక మీటరు వస్తుంది” అన్నాడు. ఆ ఫైలు ఎవరికీ పోదు, మన ల్యాప్‌టాపులోనే ఉంటుంది అన్నాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకునేవాళ్లు నాలుగు ఊళ్లలో నలుగురు దొరికితే ఈ వేసవిలో నాలుగు బావులకు పెట్టి చూద్దాం. ఇష్టమున్నవాళ్లు కింద ఊరి పేరు రాయండి, పెట్టె మా పిల్లవాడే తెస్తాడు.