1991: పీవీ మార్పుకు ‘కొనసాగింపు’ అని పేరు పెట్టిన కథ

సంక్షోభంలో నాయకుడి మాట ప్రజల మద్దతును ఎలా మలుస్తుంది? ఎస్సే పేపర్‌లో ఇలాంటి టాపిక్ కనబడగానే మనలో చాలామంది శాస్త్రిగారి ‘జై జవాన్ జై కిసాన్’తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. నా దృష్టిలో 1991 అంతకంటే లోతైన ఉదాహరణ. ఎందుకంటే అక్కడ నినాదమే లేదు.

ఆ జూన్ నాటికి విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు మించి రావు. జూలైలో 47 టన్నుల బంగారం విదేశాల్లో తాకట్టుకు వెళ్లింది. పీవీ నరసింహారావుది మైనారిటీ ప్రభుత్వం, పైగా నెహ్రూ సోషలిజం వింటూ పెరిగిన పార్టీ.

జూలై 1, 3 తేదీల్లో రూపాయి విలువ తగ్గించారు. కానీ ప్రభుత్వం వాడిన మాట మారకపు రేటు ‘సర్దుబాటు’. 1966లో ఇందిరాగాంధీ రూపాయి విలువ తగ్గించినప్పుడు సొంత పార్టీ నుంచే ఎంత వ్యతిరేకత వచ్చిందో ఢిల్లీలో ఎవరూ మర్చిపోలేదు మరి.

అసలు విషయం పారిశ్రామిక విధానంలో ఉంది. ముసాయిదాకు మంత్రివర్గంలోనే అభ్యంతరాలు వచ్చాయి. అప్పుడు నెహ్రూ, ఇందిర, రాజీవ్‌ల బాటలోనే నడుస్తున్నామని చెప్పే ఉపోద్ఘాతం చేర్చారు. లోపలి సరుకు దాదాపు అదే, ఆమోదం వచ్చేసింది! జూలై 24న 18 పరిశ్రమలు మినహా లైసెన్సింగ్ రద్దయింది. పరిశ్రమల శాఖ పీవీ చేతిలోనే ఉన్నా, సభలో పత్రం పెట్టింది సహాయమంత్రి పి.జె. కురియన్. అదే రోజు మన్మోహన్ సింగ్ బడ్జెట్ ప్రసంగాన్ని రాజీవ్‌ను తలచుకుంటూ మొదలుపెట్టి, విక్టర్ హ్యూగో మాటతో ముగించారు. అందరి చూపూ అటే వెళ్లింది.

అయితే ఈ భాష పార్టీని, పార్లమెంటును ఒప్పించింది గానీ రైతును కాదు. బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. యూరియా బస్తా కొనేవాడికి ఉపోద్ఘాతంతో పనేముంది? కాంగ్రెస్ ఎంపీలే ఎదురుతిరిగారు. ఆగస్టులో పెంపును 30 శాతానికి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది.

1992 తిరుపతి ప్లీనరీలోనూ పీవీ మాట్లాడింది ‘మధ్యేమార్గం’ గురించే. 1996లో కాంగ్రెస్ 140 సీట్లకు పడిపోయింది. కారణాలు చాలా ఉన్నాయి, బాబ్రీ సహా. కానీ ఐదేళ్లూ ‘ఇది కొత్తదేం కాదు’ అని చెప్పిన పార్టీకి, ‘ఈ కొత్తదనం మాదే’ అని ఓటడిగే వీలు లేకుండా పోయిందని నాకనిపిస్తుంది.