కొట్టు

హైటెక్ సిటీలో కోడ్ రాసేవాళ్లకంటే కొట్టేవాళ్లే ఎక్కువ. మెయిల్ కొడతారు, మీటింగుకు డుమ్మా కొడతారు, మూడింటికల్లా బోర్ కొడుతుంది. దెబ్బ మాత్రం ఎవరికీ తగలదు.

తమిళంలోనూ ఈ ధాతువుంది; మేళం కొట్టడం అక్కడా వినిపిస్తుంది. మనవాళ్లు దాన్ని ఈతకూ, కన్నుకూ, జేబుకూ, కొబ్బరికాయకూ పాకించారు. కీబోర్డుకు మాత్రం టైపు మిషను నుంచే వచ్చి ఉంటుందని నా అనుమానం: అందులో అచ్చు నిజంగానే రిబ్బను మీద పడి కొట్టేది.

1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ఈ హైటెక్ సిటీలోనే సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఈ మేడల పునాదులకు ముందు కొట్టింది గ్రానైట్ బండల్ని, సుత్తితో, మందుగుండుతో.

'కట్టు' దారి వేరు. ఇల్లు, చీర, తాళి, ఫీజు, చివరికి ఈఎంఐ కూడా కడతారు. సాఫ్ట్‌వేర్‌ను మాత్రం కట్టరు, బిల్డ్ చేస్తారు.