టికెట్టు కొని భయపడటం

పరసలూ జాతరలూ తిరిగినవాళ్ళకు నాగకన్య గుడారం సంగతి చెప్పక్కరలేదు. బయట గుడ్డ మీద బొమ్మ: ఆడపిల్ల ముఖం, పాము ఒళ్ళు. గొంతు బొంగురుపోయిన మనిషొకడు మైకులో "రాండప్పా, రాండమ్మా" అని పిలుస్తుంటాడు. లోపల పాము చుట్టల మీద నిజంగానే ఒక పిల్ల తల ఉంటుంది. పేరడిగితే చెబుతుంది, కళ్ళు ఆర్పుతుంది, విసుగొస్తే ఆవలిస్తుంది కూడా. ఇప్పటి చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి కుర్రకారుకు ఇది చాలదు. అక్టోబరు నెలాఖరుకు హాలోవీన్ పేరు చెప్పి బెంగళూరు పోయి, నల్లగుడ్డలు కట్టిన దయ్యాల కొంపలో గొంతు పోయేలా అరిచి వస్తారు. గుడారం మనది, పాతది. ఆ కొంప అమెరికాది, కొత్తది అనుకుంటాం. వంశం వెతుక్కుంటూ పోతే రెంటి వేర్లూ లండన్‌లో ఒకే సంస్థ దగ్గర కలుస్తాయి.

భయాన్ని మాత్రం అక్కడ ఎవరూ కనిపెట్టలేదు. చింతామణి తాలూకాలోని కైవారమే భారతంలోని ఏకచక్రపురమని ఇక్కడి నమ్మకం. యోగి నారేయణ తాతయ్య తత్వాలతో ఆ ఊరికి పేరు రాకముందే బకాసురుడి పేరు ఉంది. బకుడి కథలో నాకు ఆసక్తి భీముడి కుస్తీ మీద కాదు, దానికి ముందటి ఏర్పాటు మీద. బండెడు అన్నం, రెండు దున్నలు, బండి తోలుకొచ్చిన మనిషి. ఇంటింటికీ వంతు. దానికి బదులు పై శత్రువులెవరూ ఊరి జోలికి రాకుండా రాక్షసుడు కాపలా కాస్తాడు. పక్కా ఒప్పందమే! పోయినవాడు తిరిగొచ్చే షరతు ఒక్కటే అందులో లేదు. భయంతో వ్యాపారం చేసినవాళ్ళు తర్వాత కనిపెట్టిందల్లా ఆ షరతునే అని నా లెక్క.

ఆ షరతు బాగా తెలిసినవాళ్ళు మనకు దగ్గర్లోనే ఉన్నారు. బాగేపల్లి దాటి ఆంధ్రలోకి అడుగుపెట్టి ఇంకా ఉత్తరంగా పోతే, ధర్మవరం పక్కన నిమ్మలకుంట వస్తుంది. తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మను తెరకు ఆనిస్తే గోరంత చెక్కడం కూడా కనిపిస్తుంది. అదే బొమ్మను దీపం వైపు లాగితే నీడ ఉబ్బి, అంచులు చెదిరి, తెరంతా కమ్ముకుంటుంది. రాక్షసుడు మీద పడటానికి అంతకు మించి ఏం కావాలి? పిల్లలు అమ్మ కొంగులో తల దాచుకోగానే కేతిగాడూ బంగారక్కా ఊడిపడి బూతులు కలిపి మరీ నవ్విస్తారు. ఆ హాస్యం మోటుగా ఉంటుందని ముఖం చిట్లించే పెద్దమనుషులున్నారు గానీ, భయపెట్టినవాడే భయం దించి ఇంటికి పంపాలన్న బాధ్యత అందులో ఉంది.

ఇదే దీపం, ఇదే తెర పారిస్‌లో ఇంకో రూపం ఎత్తాయి. విప్లవం, గిలటిన్ నెత్తురు ఇంకా ఆరని రోజులు. లీజ్ నగరం నుంచి వచ్చిన ఎత్యేన్ గస్పార్ రొబేర్, రాబర్ట్‌సన్ అని పేరు మార్చుకుని, 1798లో "ఫాంటస్మగోరియా" ప్రదర్శన మొదలుపెట్టాడు. మరుసటి ఏడు దాన్ని పాడుబడిన క్యాపుచిన్ మఠానికి మార్చాడు. ప్రేక్షకులు చీకటి నడవాల్లోంచి, వింత వింత దృశ్యాల మధ్యగా నడిచి అసలు గదికి చేరాలి. తెర వెనక చక్రాల మీద మ్యాజిక్ లాంతరు. దాన్ని వెనక్కి లాగితే తెర మీది కపాలం పెద్దదవుతూ పోతుంది. చూసేవాళ్ళకు అది తమ మీదికే ఉరికి వస్తున్నట్టుంటుంది. చక్రాల చప్పుడు వినబడకుండా, గాజుగిన్నెల మీద వేళ్ళు రాసి పలికించే ఒక వాద్యం. మనుషుల్ని నడిపించి, మెత్తబరిచి, అప్పుడు భయపెట్టాలన్న ఉపాయం అక్కడిదే. ఇతనికన్నా ముందే ఫిలిడోర్ అనేవాడు అదే ఊళ్ళో లాంతరు దెయ్యాలను చూపించాడు. కానీ మఠం దొరికింది రాబర్ట్‌సన్‌కు. దయ్యాల కొంపకు కొంప ముఖ్యం కదా. మరో విశేషం, తాను మంత్రగాణ్ణి కాననీ, భౌతికశాస్త్రం తెలిసినవాణ్ణి మాత్రమేననీ అతను ప్రేక్షకులకు ముందే చెప్పేవాడు. చెప్పినా అరిచేవాళ్ళు అరిచేవాళ్ళే.

ఇక లండన్. లివర్‌పూల్‌కు చెందిన ఇంజనీరు హెన్రీ డర్క్స్, 1858లో శాస్త్రవేత్తల సభ ముందు ఒక నమూనా పెట్టాడు. రంగస్థలం మీద పెద్ద గాజుపలక నిలబెట్టి, ప్రేక్షకులకు కనబడని చోట నటుడి మీద గట్టిగా వెలుతురు వేస్తే, ఆ నటుడి ప్రతిబింబం గాజులో తేలి, రంగం మీద ఉన్న మనుషుల మధ్య పొగలా నిలబడుతుంది. రాత్రి బాగేపల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళందరూ చూసిందే ఇది: బయట చీకటి, లోపల లైటు, పొలాల మీద తేలిపోతున్న మన ముఖం. డర్క్స్ చిక్కల్లా ఒకటే. ఆయన చెప్పినట్టు చేయాలంటే థియేటర్‌ను మళ్ళీ కట్టాలి. దెయ్యం కోసం గోడలు పడగొట్టే యజమాని ఎవరూ దొరకలేదు.

రీజెంట్ వీధిలోని రాయల్ పాలిటెక్నిక్ అనే సంస్థలో జనానికి సైన్సు పాఠాలు చెప్పే జాన్ హెన్రీ పెప్పర్ కంట్లో ఆ నమూనా పడింది. గాజును ప్రేక్షకుల వైపు కాస్త వాల్చి, వేదిక ముందు గుంటలో నటుణ్ణి దాస్తే ఏ హాల్లోనైనా పని జరుగుతుందని అతను పట్టుకున్నాడు. 1862 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందురోజు రాత్రి, డికెన్స్ దెయ్యం కథలోని ఒక దృశ్యంతో మొదటి ప్రదర్శన. వీధిలో బళ్ళు బారులు తీరాయి. పెప్పర్ తర్వాత రాసుకున్నదాన్ని బట్టి, మైఖేల్ ఫారడే అంతటివాడు తెర వెనక్కి వచ్చి కూడా ఇదెలా జరుగుతోందో పట్టుకోలేకపోయాడట. అప్పుడు పెప్పర్ ఆయన చెయ్యి పట్టుకుని గాజు మీద పెట్టించాడట. పేటెంటు ఇద్దరి పేర్లా తీసుకున్నారు. డబ్బు మీద హక్కు డర్క్స్ వదులుకున్నాడు, పేరు దానంతటదే పోయింది. మండిపడి పుస్తకం రాసినా లాభం లేకపోయింది; ఇవాళ్టికీ లోకం దాన్ని పెప్పర్ దెయ్యమనే అంటుంది. ఆలోచన ఒకరిది, దాన్ని నాలుగు డబ్బుల్లో తేల్చే నేర్పు ఇంకొకరిది అయినప్పుడు జనం ఎవరి పేరు గుర్తుపెట్టుకుంటారో ఆవిష్కరణల చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. నాకైతే డర్క్స్ మీదే జాలి.

అదే పాలిటెక్నిక్‌లో పనిచేసిన థామస్ టోబిన్ బుర్రలోంచి వచ్చింది రెండో కిటుకు. 1865 అక్టోబరు 16న లండన్‌లోనే ఈజిప్షియన్ హాల్లో కర్నల్ స్టొడేర్ అనే ఇంద్రజాలికుడు దాన్ని ప్రదర్శించాడు. మూడు కాళ్ళ బల్ల మీద చిన్న పెట్టె పెట్టి మూత తీస్తే, లోపల స్ఫింక్స్ తల కళ్ళు తెరిచి మాట్లాడింది. బల్ల కాళ్ళ మధ్య రెండు అద్దాలు ఏటవాలుగా కలుస్తాయి. అవి పక్క పరదాలను చూపిస్తే, చూసేవాళ్ళు అది బల్ల వెనకాలి పరదా అనుకుంటారు. కింద ఖాళీ ఉందనుకున్న చోటే మనిషి ఒదిగి కూర్చుంటాడు. ఇంద్రజాలికుల సామాన్లతో ఈ అద్దాలు ప్రపంచమంతా తిరిగాయి. విదేశీ సంతల్లో సాలెపురుగు ఒంటి ఆడదాన్నీ, మన పరసల్లో నాగకన్యనూ పుట్టించాయి. పాముకూ గుడ్డకూ మధ్య ఆ అమ్మాయి నడుం ఎక్కడుందో తెలుసుకోవాలంటే గుడారంలో తల కొంచెం పక్కకు వంచి చూడండి, మీ కాళ్ళో పక్కవాళ్ళ కాళ్ళో అద్దంలో కనబడవచ్చు. అందుకే ముందు తాడు కట్టి దూరంగా నిలబెడతారు.

అప్పటిదాకా చూసేవాళ్ళు కూర్చునో, నిలబడో చూశారు. ఒళ్ళు కూడా భయపడాలంటే ఇల్లే కదలాలి. 1915లో ఇంగ్లండులో ఆర్టన్ అండ్ స్పూనర్ అనే సంతసామాన్ల కంపెనీ ఆవిరి శక్తితో నడిచే దయ్యాల కుటీరం కట్టింది: ఊగే నేల, వణికే మెట్లు. అది ఇప్పటికీ హాంప్‌షైర్‌లోని హాలీకూంబ్ ప్రదర్శనశాలలో ఉంది.

అమెరికాలో ఇది హాలోవీన్‌కు అంటుకున్న కారణం మాత్రం భక్తీ కాదు, కళా కాదు, పోకిరీ పిల్లలు. 1930ల ఆర్థికమాంద్యంలో హాలోవీన్ రాత్రి కుర్రాళ్ళు కార్లు బోర్లా వేయడం, స్తంభాలు కోయడం దాకా వెళ్ళారు. వాళ్ళను కట్టడి చేయలేని పెద్దలు ఉపాయం పన్నారు. ఇళ్ళ నేలమాళిగల్లో చీకటి దారులు ఏర్పాటు చేసి, తడి స్పాంజీలు, పాత బొచ్చు ముక్కలు వేలాడదీసి, పిల్లల్ని ఆ దారిలో నడిపించారు. మన ఊళ్ళో హోళీ నాడు కట్టెలు ఎత్తుకుపోయే పిల్లల్ని కామదహనం కమిటీలో వేసినట్టే.

1969 ఆగస్టు 9న కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో హాంటెడ్ మాన్షన్ తెరిచారు. దాని నాట్యశాలలో గిరగిరా తిరిగే దెయ్యాలు వందేళ్ళ నాటి పెప్పర్ గాజులోవే, పలక మాత్రం బాగా పెద్దది. ఇక అందరూ అందుకున్నారు. 1973లో నాట్స్ బెర్రీ ఫామ్ హాలోవీన్ రాత్రులు మొదలుపెట్టింది. జేసీస్ లాంటి యువజన సంఘాలు విరాళాల కోసం పాత ఇళ్ళను దయ్యాల కొంపలుగా మార్చాయి. 1991లో ఫ్లోరిడాలో యూనివర్సల్ స్టూడియో కూడా దిగింది.

తిరిగొచ్చే షరతు మాత్రం ఒకచోట తప్పింది. 1984 మే 11న న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో, లారీ ట్రెయిలర్లను వరసగా కలిపి కట్టిన హాంటెడ్ కాసిల్ అంటుకుంది. 8 మంది కుర్రవాళ్ళు చనిపోయారు. లోపలి నురగ దిండ్లు క్షణాల్లో మండాయి, నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. దారి తెలియకుండా చేయడమే ఆ ఇంటి పని. మంటల్లో ఆ పనే వాళ్ళ ప్రాణం తీసింది. ఆ తర్వాత అమెరికా కట్టడాల నిబంధనల్లో ఇలాంటి వినోదశాలలకు ప్రత్యేకంగా షరతులు వచ్చాయి. పొగ పసిగట్టగానే అరుపులూ మెరుపులూ వాటంతటవే ఆగిపోవాలి, మామూలు దీపాలు వెలగాలి, బయటికి దారి చూపే గుర్తులు కనబడాలి, స్ప్రింక్లర్లు ఉండి తీరాలి. పెప్పర్ గాజు కన్నా, టోబిన్ అద్దాల కన్నా గొప్ప ఆవిష్కరణ ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. దెయ్యంతో నిమిత్తం లేని మామూలు భవనమైన బెంగళూరు కార్ల్‌టన్ టవర్స్‌లో 2010 ఫిబ్రవరి 23న పొగకు దారి దొరకక 9 మంది పోయారు. కాబట్టి మాల్‌లోని దయ్యాల కొంపలోకి పిల్లల్ని పంపేటప్పుడు లోపల దెయ్యం ఎలా ఉంటుందని అడగకండి, తలుపు ఎటుందని అడగండి.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు తిరిగొచ్చే షరతునే వేళాకోళం చేశారు. 2009లో న్యూయార్క్‌లో పుట్టిన బ్లాకౌట్ అనే దయ్యాల కొంపలోకి మనిషి ఒంటరిగా వెళ్ళాల్సి వచ్చేది, ముందు సంతకం పెట్టాల్సి వచ్చేది; నటులు ఒంటి మీద చెయ్యి వేసేవాళ్ళు. భరించలేకపోతే ఒక నిర్ణీత మాట అరిస్తే ఆపేసేవాళ్ళు. టెనెసీలోని మెకేమీ మేనర్ ఇంకా ముందుకు పోయి 40 పేజీల ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంది. ప్రవేశానికి రుసుము కుక్కల తిండి సంచి. అంత చదివి సంతకం పెట్టే ఓపిక ఉన్నవాడికి బ్యాంకు అప్పు పత్రాలే చాలినంత భయం పెడతాయి. వేళాకోళం అటుంచితే, ఇందులో నాకు కళ కనబడదు. ఆపమన్నా ఆపనివాడి దగ్గర పడేది నాటకపు భయం కాదు.

ఎంత భయం చాలన్నదాన్ని డెన్మార్క్‌లో కొలిచారు. ఆర్హుస్ విశ్వవిద్యాలయంవాళ్ళు, వైలె పట్నంలో ఒక పాత చేపల ఫ్యాక్టరీలో నడిచే డిస్టోపియా అనే దయ్యాల కొంపకు వెళ్ళిన 110 మందికి గుండె వేగం కొలిచే పట్టీలు కట్టారు. 2020లో ఫలితాలు వచ్చాయి. మరీ తక్కువ భయపడ్డవాళ్ళకూ మరీ ఎక్కువ భయపడ్డవాళ్ళకూ ఆనందం తగ్గింది, నడిమధ్యన ఉన్నవాళ్ళు ఎక్కువ ఆనందించారు. నిమ్మలకుంటలో కేతిగాణ్ణి ఎప్పుడు దింపాలో పట్టీ కట్టకుండానే తెలుసు.

ఇంత చరిత్రలోనూ మనిషి దెయ్యం ఇంటికి పోవడమే ఉంది. దెయ్యమే మన ఇంటికి వస్తే? 1990లలో కర్ణాటకలో రాత్రిపూట ఒక ఆడదయ్యం తలుపు కొడుతుందనీ, తెలిసిన గొంతుతో పిలుస్తుందనీ పుకారు పుట్టింది. జనం తలుపుల మీద "నాళె బా" అని రాశారు. ఆంధ్ర ఊళ్ళలో "ఓ స్త్రీ రేపు రా" అని రాశారు. దయ్యం వస్తుంది, చదువుతుంది, రేపొస్తానని పోతుంది, మర్నాడు మళ్ళీ వస్తుంది, మళ్ళీ చదువుతుంది. మెకేమీ 40 పేజీల్లో చేయలేని పని ఇక్కడ రెండు మాటల్లో తెమిలింది. తిరుపతి, చిత్తూరు బిడ్డలైన రాజ్, డీకేలు ఆ పుకారును హిందీలోకి తీసుకుపోయి రాస్తే, 2018లో "స్త్రీ" సినిమా అయింది. గోడ మీది సుద్దరాత కోట్లు కురిపించింది. కన్నడ రాతకూ తెలుగు రాతకూ మధ్యన ఉన్న బాగేపల్లి, చింతామణి వైపు ఆ దయ్యానికి ఎట్లా గడిచిందో గానీ, ఇక్కడ తలుపు తట్టాలంటే ఎవరికైనా రెండు భాషలూ వచ్చి ఉండాలి.