ప్రమాద దర్యాప్తు నివేదిక - చరిత్రకు ఆధారం: 2009 హెలికాప్టర్ దుర్ఘటన

ఉపోద్ఘాతం

చరిత్రకు శాసనాలు, దస్తావేజులు మాత్రమే ఆధారాలు కావు. ఒక ప్రమాదంపై వెలువడిన దర్యాప్తు నివేదిక కూడా ఆధారమే. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఆ సంగతి ఎలా తేలింది అనే మూడు ప్రశ్నలకు అందులో సమాధానాలు వెతకవచ్చు. నల్లమలలో జరిగిన హెలికాప్టర్ దుర్ఘటనను ఈ భాగంలో ఆ దృష్టితో పరిశీలిద్దాం.

ఘటన

2009 సెప్టెంబరు 2 ఉదయం 8.38 గంటలకు ముఖ్యమంత్రి డా. వై.ఎస్. రాజశేఖరరెడ్డి రాష్ట్ర ప్రభుత్వ బెల్ 430 హెలికాప్టర్‌లో బేగంపేట నుంచి బయలుదేరారు. చిత్తూరు జిల్లాలో 'రచ్చబండ' కార్యక్రమానికి ఆయన హాజరు కావలసి ఉంది. ఇద్దరు పైలట్లతో కలిపి అందులో ఉన్నవారు ఐదుగురు. గంట గడవకముందే హెలికాప్టర్ ఆచూకీ తెలియకుండాపోయింది. మర్నాడు ఉదయం కర్నూలు జిల్లా పావురాలగుట్ట వద్ద వైమానిక దళం శకలాలను గుర్తించింది. ఐదుగురూ మరణించారు.

దర్యాప్తు

కేంద్రం ఆర్.కె. త్యాగి అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. కాక్‌పిట్ సంభాషణల రికార్డు, శకలాలు, వాతావరణ సమాచారం దర్యాప్తుకు ముఖ్య ఆధారాలయ్యాయి. చమురు పీడనానికి సంబంధించిన హెచ్చరిక రావడంతో పైలట్లు సుమారు ఆరు నిమిషాలపాటు సూచనల పుస్తకంలో పరిష్కారం వెతకడంలో నిమగ్నమయ్యారని సంఘం గుర్తించింది. ఆ సమయంలో వాతావరణంపై వారి దృష్టి తగ్గింది. ఉరుముల మేఘంలోని బలమైన అధోముఖ గాలిలో చిక్కుకుని హెలికాప్టర్ అదుపు తప్పిందని సంఘం తేల్చింది. విద్రోహ చర్య జరిగిందన్న వాదనను తోసిపుచ్చింది.

ఈ నిర్ధారణల స్వభావం ఒకటి కాదని గమనించండి. సంభాషణ నేరుగా వినిపించే సాక్ష్యం. గాలి తీవ్రత ఇతర ఆధారాలనుబట్టి చేసిన అనుమితి. చరిత్రకారుడు ఈ రెండింటినీ ఒకే తూకంలో తూచకూడదు.

వదంతి - ఆధారం

2010 జనవరిలో ఒక విదేశీ వెబ్‌సైటు కథనం ఆధారంగా కుట్ర ఆరోపణ టెలివిజన్‌లో ప్రసారమైంది. వెంటనే రాష్ట్రంలో పలుచోట్ల ఒక వ్యాపార సంస్థ దుకాణాలపై దాడులు జరిగాయి. ఆ కథనం ఎవరు రాశారు, వారికెలా తెలిసింది అని అడిగే వ్యవధి కూడా లేకపోయింది. మూలాన్ని పరీక్షించడం పరీక్షల కోసం నేర్చుకునే పద్ధతి మాత్రమే కాదని, దానిపై ప్రజల భద్రత ఆధారపడి ఉంటుందని ఈ ఉదంతం చెబుతుంది.

వ్యవస్థ - ఉత్తరాంధ్ర

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1951లో ఆమోదించిన 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు లక్ష్యం నింద మోపడం కాదు, మరో ప్రమాదాన్ని నివారించడం. మన దేశంలో 2012లో విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ప్రత్యేకంగా ఏర్పడింది. రైల్వే భద్రతా కమిషనర్లు కూడా పౌర విమానయాన మంత్రిత్వశాఖ కిందే పనిచేస్తారు. రైళ్లు నడిపేవారే తమ తప్పును విచారించుకోకూడదన్న ఆలోచనతో 1941లో ఈ తనిఖీ వ్యవస్థను రైల్వే నుంచి వేరు చేశారు. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద రెండు పాసింజరు రైళ్లు ఢీకొన్నప్పుడు విచారించినది ఈ వ్యవస్థే.

నేడు పొలాలపై మందు చల్లే డ్రోన్లు వచ్చాయి. తక్కువ ఎత్తులో ఎగిరే వాటికి కరెంటు తీగలు, చెట్లు, గాలివాటం ముప్పే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగితే 48 గంటల్లో తెలియజేయాలి. శ్రీకాకుళం వరిచేలో డ్రోన్ కూలినా, ఆ సంగతి నమోదైతేనే పక్క ఊరి రైతు జాగ్రత్తపడగలడు. నమోదు కాని ప్రమాదం పాఠం నేర్పదు, చరిత్రకూ ఎక్కదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ప్రత్యక్ష సాక్ష్యానికీ అనుమితికీ గల భేదాన్ని 2009 దర్యాప్తు ఆధారంగా వివరించండి.
2. దర్యాప్తు చేసే సంస్థ స్వతంత్రంగా ఎందుకు ఉండాలి?