బిల్లును మొదట చదివేదెవరు?

కాగితం మీద రాసిన బిల్లుకు పాఠకులు ఇద్దరే: సరుకు అమ్మినవాడు, కొన్నవాడు. మూడో మనిషి, అంటే పన్నుల అధికారి, ఎప్పుడో తనిఖీకి వచ్చిన నాడు మాత్రమే దాన్ని చూసేవాడు. అప్పటికి పక్కా బిల్లుల పుస్తకం ఒకటి, జీరో దందా చీటీలు వేరొకటి సిద్ధంగా ఉండడం భారతీయ విపణికి కొత్త కాదు. ఇప్పుడా క్రమం తలకిందులైంది. ఒక స్థాయి దాటిన వ్యాపారి మరో వ్యాపారికి ఇచ్చే బిల్లును కొనుగోలుదారుకన్నా ముందే ప్రభుత్వం గుర్తించిన యంత్రం చదువుతోంది. బిల్లు ఏ రూపంలో ఉండాలన్నది చూడటానికి సాంకేతిక వ్యవహారం. అందుకే రాజకీయ వేదికల మీద దానికి దక్కిన చర్చ స్వల్పం.

కథ 1998 ఫిబ్రవరి 10న మొదలైందనవచ్చు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఆ రోజు ఎక్స్‌ఎంఎల్‌ను ప్రమాణంగా సిఫారసు చేసింది. పేరు విని జడుసుకోవలసిందేమీ లేదు. బిల్లు అడుగున 11,800 అని ఉంటే అందులో 10,000 సరుకు ధర, 1,800 పన్ను అని గుమాస్తా ఇట్టే గ్రహిస్తాడు. కంప్యూటరుకు అవి వట్టి అంకెలు. ఎక్స్‌ఎంఎల్ చేసేదల్లా ప్రతి అంకెకూ ముందూ వెనుకా ఒక పేరు తగిలించడం: ఇది ధర, ఇది పన్ను, ఇది అమ్మకందారు రిజిస్ట్రేషన్ సంఖ్య. వంటింటి డబ్బాల మీద చీటీలు అంటించడం వంటిదే ఇది. అయితే ఒకరి చీటీ మీద ‘పన్ను’ అని, మరొకరి చీటీ మీద ‘సుంకం’ అని ఉంటే మళ్లీ గందరగోళమే. కనుక పేర్ల మీద అందరికీ ఒక ఒడంబడిక కావాలి. 2004లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ఆమోదించిన యూబీఎల్ అటువంటి ఒడంబడికే. ఏ గడి తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అని నిర్ణయించేవాడి చేతిలో ఎంత అధికారం ఉంటుందో అప్పట్లో ఎక్కువ మంది గమనించలేదు.

డెన్మార్క్ గమనించింది. 2005 ఫిబ్రవరి 1 నుంచి ప్రభుత్వ సంస్థలకు సరుకు అమ్మేవారంతా ఎక్స్‌ఎంఎల్ రూపంలోనే బిల్లులు పంపాలని ఆ దేశం శాసించింది. అక్కడ ప్రభుత్వం పన్నులు వసూలు చేసేదిగా కాక సరుకు కొనేదిగా ముందుకొచ్చింది. ఖర్చు తగ్గించుకోవడం దాని లక్ష్యం. కంప్యూటరు లేని చిన్న వర్తకుణ్ని కూడా అది మరచిపోలేదు. అతడు కాగితం బిల్లునే పంపితే, దాన్ని స్కాన్ చేసి ఎక్స్‌ఎంఎల్‌గా మార్చే కేంద్రాలను ఏర్పాటు చేసింది.

భారతదేశంలో ఎక్స్‌ఎంఎల్ మరో దారిన వచ్చింది. 2011లో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ కొన్ని తరగతుల కంపెనీల ఆర్థిక నివేదికలను ఎక్స్‌బీఆర్‌ఎల్ రూపంలో కోరింది. అది ఎక్స్‌ఎంఎల్ సంతతే. ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసేవారు ఏళ్ల తరబడి ‘ఎక్స్‌ఎంఎల్ జనరేట్’ అనే మీట నొక్కారు. అదేమిటో వారికి వివరించినవారు అరుదు. సగటు వ్యాపారి దృష్టిలో అది ఆడిటరు అప్‌లోడ్ చేసే ఫైలు మాత్రమే. 2021లో ఆదాయపు పన్ను శాఖ జేసన్‌కు మారినప్పుడు కూడా అతడికి తేడా తెలియలేదు. నిజానికి పెద్ద తేడా లేదు కూడా. చీటీ అంటించే పద్ధతి మారిందంతే.

అసలు మలుపు వస్తు సేవల పన్నుతో వచ్చింది. 2017 జూలై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చినప్పుడు, అమ్మినవాడి లెక్కనూ కొన్నవాడి లెక్కనూ బిల్లుకు బిల్లు సరిపోల్చాలన్నది ప్రణాళిక. ఆ భారానికి వ్యాపారులూ తట్టుకోలేదు, కంప్యూటర్లూ తట్టుకోలేదు. అదే ఏడాది నవంబరులో కొనుగోళ్ల రిటర్నును పక్కన పెట్టి, సంక్షిప్త రిటర్నుతోనే నెట్టుకొచ్చారు. సరుకు కదలకుండానే బిల్లులు పుట్టించి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ కాజేసేవారికి ఆ సందు చాలింది. రిటర్నులను ఆనక సరిపోల్చే బదులు, బిల్లును పుట్టినచోటే పట్టుకోవాలన్న ఆలోచన అందులోంచి వచ్చింది.

2019 సెప్టెంబరు 20న గోవాలో సమావేశమైన జీఎస్టీ మండలి ఈ-ఇన్‌వాయిస్ ప్రమాణాన్ని ఆమోదించింది. గడుల పేర్లకు ఆధారం యూబీఎల్ సంప్రదాయమే. పంపే రూపం మాత్రం జేసన్. బిల్లులన్నీ ప్రభుత్వ వెబ్‌సైటులోనే తయారు చేయాలన్న అపోహ వ్యాపారుల్లో వ్యాపించింది. అది కాదని అధికారులు పదేపదే చెప్పవలసి వచ్చింది. బిల్లును ఎవరి సాఫ్ట్‌వేరులో వారే రాసుకోవచ్చు. దాన్ని రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు పంపితే అది 64 అక్షరాల గుర్తింపు సంఖ్యనూ, డిజిటల్ సంతకంతో కూడిన క్యూఆర్ కోడ్‌నూ తిప్పి పంపుతుంది. నిబంధన పరిధిలో ఉన్న అమ్మకందారు ఆ సంఖ్య లేకుండా బిల్లు ఇస్తే, చట్టం దృష్టిలో అది ఇన్‌వాయిస్ కాదు. కొన్నవాడి పన్ను క్రెడిట్ చిక్కులో పడుతుంది. దాంతో అమ్మకందారును అధికారికన్నా ముందు నిలదీసేది అతడి ఖాతాదారే. తనిఖీ పని బజారుకే అప్పగించిన ఈ ఏర్పాటులోని చాతుర్యాన్ని విమర్శకులు సైతం కాదనలేరు.

2020 అక్టోబరు 1న 500 కోట్ల రూపాయల టర్నోవరు దాటినవారితో అమలు మొదలైంది. ఆపై గీత 100, 50, 20, 10 కోట్లకు దిగింది. 500 కోట్ల కంపెనీకి సాఫ్ట్‌వేరు విభాగం ఉంటుంది. దిగువన ఉన్న టోకు వర్తకుడికి ఉండేది ఒక గుమాస్తా, నెలకోసారి కనిపించే ఆడిటరు. డెన్మార్క్ స్కానింగ్ కేంద్రాల వంటి వెసులుబాటు ఇక్కడ రాలేదు. ఉచిత సాఫ్ట్‌వేరు మాత్రం ఇచ్చారు.

ఇంతకూ ఈ బిల్లుల ఖజానా ఎవరిది? జీఎస్టీ నెట్‌వర్క్ 2013లో స్థాపితమైనప్పుడు అందులో 51 శాతం వాటా ప్రభుత్వేతర ఆర్థిక సంస్థలది. విమర్శల తరువాత 2018 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం దాన్ని పూర్తిగా ప్రభుత్వపరం చేయాలని, కేంద్రానికి సగం, రాష్ట్రాలకు సగం వాటా ఉండాలని నిర్ణయించింది. 2023 జూలై 7న మరో ప్రకటన వెలువడింది. మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ సమాచారం పంచుకునే సంస్థల జాబితాలో నెట్‌వర్క్‌ను చేర్చారు. నాలుగు రోజుల తరువాత జరిగిన మండలి 50వ సమావేశంలో కొన్ని ప్రతిపక్ష రాష్ట్రాలు అభ్యంతరం చెప్పాయి. సమాచారం నెట్‌వర్క్‌కు అందడానికే ఈ ఏర్పాటు, అక్కడి నుంచి తీసుకోవడానికి కాదని కేంద్రం బదులిచ్చింది. ఆ జవాబు అక్షరార్థంలో నిజమే. కాని ఒకసారి తెరిచిన దారి ఎప్పటికీ ఒకవైపే నడుస్తుందన్న హామీ అందులో లేదు. మూడు వారాలకు, ఆగస్టు 1న, ఈ-ఇన్‌వాయిస్ గీత 5 కోట్లకు దిగింది.