అంతర్వేది గుడి వెనుక ఓడలు

కోనసీమ సముద్రతీరం పొడవునా అగ్నికుల క్షత్రియుల ఊళ్లున్నాయి. ప్రభుత్వ జాబితాలో వీరు వెనుకబడిన తరగతుల్లో ‘ఎ’ విభాగం. పల్లి, వాడబలిజ, జాలరి, గంగపుత్ర కులాల సరసన వీరి పేరు కనిపిస్తుంది. చేపల వేట తప్ప వీరికి వేరే చరిత్ర లేదనుకోవడం పెద్ద పొరపాటు. రెండు వందల ఏళ్ల కిందట వీరిలో ఓడల యజమానులుండేవారు.

18వ శతాబ్దిలో గోదావరి వైనతేయ పాయ సముద్రంలో కలిసే దిక్కున ఉన్న బెండమూర్లంకలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకస్థావరం నడిచింది. చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన బట్ట అక్కడికి చేరేది. పాయల మొగల దగ్గర ఇసుక మేటలు వేస్తుంది కనుక పెద్ద ఓడలు లోపలికి రాలేవు. అవి దూరాన లంగరు దించితే, చిన్న పడవలు సరుకు చేరవేయాలి. ఆటుపోట్లు చూసుకుని, వరద తరువాత మేట ఎటు జరిగిందో కనిపెట్టి పడవ నడపడం ఈ తీరంలో పుట్టి పెరిగినవారి విద్య. ఇంగ్లీషువారితో పోరులో భాగంగా 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ బెండమూర్లంకతో పాటు ఇంజరం, మాధవాయపాలెం స్థావరాలనూ పట్టుకున్నాడు.

బెండమూర్లంక ఓడల వర్తకుడు కోపనాతి కృష్ణమ్మ ఈ కులంవాడే. తుపానులో ఆయన ఓడలు జాడ తెలియకుండా పోయాయనీ, అవి క్షేమంగా వస్తే శిథిలమైన అంతర్వేది నరసింహస్వామి గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడనీ, ఓడలు తిరిగొచ్చాయనీ స్థలగాథ. ఆలయ నిర్మాణం 1823లో పూర్తయింది. మొక్కు కథ అందరూ చెబుతారు. అంత గుడికి సరిపడా ధనం సముద్ర వర్తకంలో వచ్చిందన్న సంగతికీ అంతే విలువ ఇవ్వాలి.

తరువాత మిల్లు బట్ట చేనేతను దెబ్బతీసింది. ఆవిరి ఓడలు, 1890లలో కోస్తాకు వచ్చిన రైలు తెరచాప ఓడల బేరాన్ని లాగేసుకున్నాయి. ఓడలు పోయినా సముద్రం మీది నేర్పు పోలేదు. అది వేటకు మళ్లింది. ఆ వేటా నిరపాయం కాదు: 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో ఎన్నో మత్స్యకార కుటుంబాలను కూల్చింది.

అంతర్వేది పల్లిపాలెం నేడు మరపడవల రేవు. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. మాఘ శుద్ధ ఏకాదశి రథోత్సవానికి తీరమంతా కదిలి వస్తుంది. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోగా, 2021 ఫిబ్రవరికల్లా కొత్తది సిద్ధమైంది.