వీడియో స్విచ్చర్

ఒకేసారి అనేక కెమెరాల నుంచి వచ్చే దృశ్యాల్లో ప్రేక్షకుడికి ఏది చేరాలో అప్పటికప్పుడు ఎంచి పంపే యంత్రం వీడియో స్విచ్చర్. బ్రిటన్‌లో యంత్రాన్నీ, దాని ముందు కూర్చునే మనిషినీ కూడా విజన్ మిక్సర్ అనే అంటారు. దూరదర్శన్‌కూ ఆ మాటే అలవాటైంది. అమెరికాలో యంత్రం స్విచ్చర్, మనిషి టెక్నికల్ డైరెక్టర్. మన పెళ్లి వీడియోల వాళ్లకు ఇది ఉత్త ‘మిక్సింగ్ యూనిట్’.

చూడడానికి మీటల వరసే గానీ, దీని చరిత్రంతా ఒక్క చిక్కు చుట్టూ తిరిగింది: దృశ్యాలన్నీ ఒకే తాళంలో నడవాలి. పాత పాల్ టీవీ పద్ధతిలో ఒక్కో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. ఒక్కో బొమ్మను రెండు విడతల్లో గీస్తారు. ఒక విడత ముగిసి, బొమ్మ గీసే కిరణం అడుగు నుంచి మళ్లీ పైకి చేరే సందు సుమారు 1.6 మిల్లీసెకన్లు. కెమెరా మార్పిడి ఆ సందులోనే జరిగిపోవాలి. రెండో కెమెరా అప్పటికి సగం బొమ్మ గీస్తూ ఉంటే ఇళ్లలో టీవీ బొమ్మ గిర్రున దొర్లేది. అందుకని స్టూడియోలో ఒక సింక్ జనరేటర్ పెట్టి, కెమెరాలన్నిటినీ దాని తాళానికి కట్టేసేవారు. దీని పేరు జెన్‌లాక్. రంగులు వచ్చాక పట్టు మరీ బిగిసింది. మీటరు కేబుల్ దాటడానికి సంకేతానికి 5 నానోసెకన్లు పడుతుంది. రంగు ఛాయ మారడానికి ఆ కాస్త తేడా చాలు. పక్కనే ఉన్న కెమెరాకు కూడా కేబుల్ చుట్టలు తగిలించి, దూరపు కెమెరాతో సమం చేయడం అప్పటి ఇంజనీర్ల నిత్యకృత్యం.

తొలినాళ్ల మిక్సర్లలో కెమెరాకొక ఫేడర్ ఉండేది. ఒకటి దించుతూ మరొకటి ఎత్తాలి. తర్వాత మీటలు రెండు వరసలయ్యాయి. ప్రసారంలో ఉన్నది ప్రోగ్రామ్, రాబోయేది ప్రివ్యూ. వాటి మధ్య టీ-బార్ అనే లీవర్. దీన్ని మెల్లగా లాగితే ఒక దృశ్యం మరొకదానిలోకి కరుగుతుంది. ఈ అమరికను స్టూడియోలకు సుపరిచితం చేసిన కంపెనీల్లో గ్రాస్ వ్యాలీ ఒకటి. కాలిఫోర్నియాలోని ఆ పేరుగల ఊళ్లోనే 1959లో డొనాల్డ్ హేర్ దాన్ని స్థాపించాడు. 1977 నాటి ‘స్టార్ వార్స్’లో గ్రహాన్ని పేల్చడానికి లాగే లీవర్ ఈ కంపెనీ స్విచ్చర్ టీ-బారే. టీవీ స్టూడియోలో పనిచేసినవాళ్లకు ఆ భయంకర ఘట్టంలో నవ్వాగదు.

మన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైందీ ఆ 1977లోనే. తాళాన్ని మరీ బిగించిన ఆ రంగుల ప్రసారం దేశానికి 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది వచ్చింది.

తాళం చిక్కును విప్పింది ఫ్రేమ్ సింక్రనైజర్. వచ్చిన బొమ్మను జ్ఞాపకంలో దాచి, స్టూడియో తాళం ప్రకారం మళ్లీ వదలడం దాని పని. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో క్వాంటెల్ వారి ఇలాంటి పరికరం, ఒలింపిక్ జ్యోతి దృశ్యాన్ని పెద్ద బొమ్మలో చిన్న గడిగా చూపించింది. ఫ్రేమ్ సింక్రనైజర్ లోపలే ఇమిడిన పానసోనిక్ ఎంఎక్స్-50 లాంటి మిక్సర్లు వచ్చాక, జెన్‌లాక్ పేరే వినని కెమెరాలు కూడా ఒకే కార్యక్రమంలో కలిశాయి. 1990లో న్యూటెక్ వీడియో టోస్టర్ అమీగా కంప్యూటర్‌ను స్విచ్చర్‌గా మార్చింది. 2019లో బ్లాక్‌మ్యాజిక్ ఏటెమ్ మినీ నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లతో 295 డాలర్లకే దిగింది. చిన్నపాటి మీటల పలక!

పలక చిన్నదైనా పని తగ్గలేదు. కెమెరాలన్నిటినీ వీలైనంత వరకు ఒకే ఫార్మాట్‌కు, 1080పీ25కో 1080ఐ50కో, ముందే సరిపెట్టాలి. వైట్ బ్యాలెన్స్ తేడా ఉంటే వధువు చీర రంగు ప్రతి కట్‌కూ మారుతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్‌ను పది పదిహేను మీటర్లు దాటాక నమ్మలేం. మండపం అవతలి క్రేన్ కెమెరాకు ఎస్‌డీఐ కేబుల్ లాగడమే మేలు. ‘టూ స్టాండ్‌బై... టేక్ టూ’ అనగానే రెండో కెమెరా మీద ట్యాలీ దీపం ఎర్రబడుతుంది. ఎర్రదీపం ఉండగా ఫోకస్ వెతుక్కోకూడదు. జీలకర్ర-బెల్లం వేళ పురోహితుడి చేయి అడ్డొస్తే టేక్ త్రీ కొట్టాలి. త్రీ అప్పుడే అక్షింతల పళ్లెం మీదికి జూమ్ అవుతుంటే చేసేదేం లేదు. అందుకే అనుభవజ్ఞులు ఒక కెమెరాను విశాల దృశ్యం మీద కదలకుండా ఉంచుతారు.

బొమ్మను జ్ఞాపకంలో దాచినందుకు చెల్లించే ధర ఆలస్యం. ఒక్క ఫ్రేమ్ అంటే 40 మిల్లీసెకన్లు. కెమెరా, స్విచ్చర్, ఎల్‌ఈడీ తెర తలా కొంచెం కలుపుతాయి. గట్టిమేళం చెవిన పడ్డాక గానీ తెర మీద డోలు కర్ర కిందికి దిగదు. మండపంలో ఉన్నవాళ్లు పట్టించుకోరు. డాలస్‌లో లైవ్ చూసే మేనమామ కోసం మాత్రం, స్విచ్చర్‌కు వెళ్లే ఆడియోను కెమెరా, స్విచ్చర్ చేసే ఆలస్యమంత వెనక్కి నెట్టి, ఎవరో ఒకరి చేత చప్పట్లు కొట్టించి, పెదవీ మాటా కలిశాయో లేదో ముహూర్తానికి ముందే సరిచూసుకుంటారు.